ఐలీ గేటు దాటిన రోజు

పైన్ హార్బర్ విమానాశ్రయంలో ఐలీ రౌటియో అంటే భయపడనివాళ్ళు లేరు. అదేమీ పెద్ద విమానాశ్రయం కాదు. రోజుకొక్క విమానం వస్తుంది, అదే మళ్ళీ పోతుంది. ఒక టికెట్ల బల్ల, ఒక కాఫీ యంత్రం, ఒక తనిఖీ గేటు, దాని అవతల కాసిని కుర్చీలు, అంతే. కానీ ఆ గేటు దగ్గర ఐలీ నిలబడి ఉంటే ఎంతటివాడైనా అడక్కుండానే బెల్టు విప్పేవాడు. పాస్టర్ గారి చేత బూట్లు విప్పించి ఆయన చిరిగిన మేజోడు ఊరందరికీ చూపించింది ఈవిడే. తన ప్రాణస్నేహితురాలు కొరీన్ వాళ్ళమ్మ, ఎనభై దాటిన ముసలమ్మ, చేతులు గీరుకుపోయేలా పొదల్లో ఏరిన అడవి పళ్ళతో జామ్ చేసి మనవరాలికి పట్టుకెళుతుంటే, "ఇది ద్రవాల కిందికి వస్తుందమ్మా" అని ఆ సీసా కాస్తా తీసి చెత్తబుట్టలో వేసిందీ ఈవిడే. జామ్ ద్రవమా కాదా అని ఊళ్ళో ఆ శీతాకాలమంతా వాదించుకున్నారు. ఐలీ ఆ వాదంలోకి దిగలేదు. రూలు రూలే అంది, పోయి పడుకుంది.

ఆ ఏడు చలికాలం మొదట్లో వాషింగ్టన్‌లో పెద్దమనుషులు బడ్జెట్ మీద కీచులాడుకుని సర్కారుకు తాళం వేసేశారు. కొందరు ఉద్యోగులను ఇంటికి పొమ్మన్నారు. విమానాశ్రయాల్లో తనిఖీలు చేసేవాళ్ళను మాత్రం పొమ్మనలేదు. మీరు లేకపోతే దేశం నడవదు, కాబట్టి రోజూ రండి, జీతం సంగతి తాళం తీశాక చూద్దాం అన్నారు. ఇంత గౌరవంగా కడుపు మీద కొట్టడం ఆ పెద్దమనుషులకే చెల్లింది.

మంచు పడటం మొదలయ్యేసరికి పైన్ హార్బర్ గేటు దగ్గర మనుషులు పలచబడ్డారు. ఒకాయనకు నడుము నొప్పి వచ్చింది, ఆ నడుముతోనే అడవిలో కలప కొట్టడానికి వెళ్తున్నాడు. ఇంకొకాయనకు తలనొప్పి, ఆ తలతోనే ట్యాక్సీ తోలుతున్నాడు. ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. చివరికి కొరీన్ టెసియే కూడా జ్వరమని ఫోన్ చేసి, బజార్లో బర్నిస్ నడిపే పేస్టీల కొట్లో చేరిపోయింది. మాంసం, బంగాళాదుంప, టర్నిప్ కూరి, మడిచి కాల్చే పేస్టీ లేకుండా ఆ ఊళ్ళో ఎవరికీ పొద్దుపోదు కనుక, సర్కారు మూతబడ్డా ఆ పొయ్యి మాత్రం ఆరలేదు.

కొరీన్ వెళ్ళిపోయాక గేటు దగ్గర మిగిలింది ముగ్గురు. పైఅధికారి వెండెల్ హాకింగ్, కొత్తగా చేరిన క్లైడ్, ఐలీ. అందులో ఆడమనిషి ఐలీ ఒక్కతే. ఇది చిన్న విషయం కాదు. మెటల్ గేటు కింద నడిచినప్పుడు కూత వస్తే ఆ మనిషిని చేత్తో తడిమి చూడాలి. ఆడవాళ్ళను ఆడవాళ్ళే తడమాలి, మగవాళ్ళను మగవాళ్ళే. కాబట్టి ఐలీకి జలుబు చేస్తే చాలు, ఇనప తుంటి ఉన్న ముసలమ్మలు ఎవరూ ఊరు దాటలేరు. ఐలీకి అది తెలుసు. తెలిసి కొంచెం గర్వపడేది కూడా.

ఆ గర్వమే ఒకరోజు పేస్టీ కొట్లో నోరు జారేలా చేసింది. పని దిగి ఇంటికి పోతూ కొట్లో అడుగుపెట్టింది. కొనడానికి వెళ్ళిందో, వాసన పీల్చడానికి వెళ్ళిందో ఆవిడకే తెలియాలి. లోపల కొరీన్ మోచేతుల దాకా పిండిలో ఉంది.

"ఏమ్మా, జ్వరం పొయ్యి దగ్గరైతే బాగా తగ్గుతోందా?" అంది ఐలీ, కొట్టంతా వినేలా.

కొరీన్ మొహం ఎర్రబడింది. "మెల్లగా మాట్లాడవే."

"ఎందుకు మెల్లగా? దొంగ జ్వరాలు తెచ్చుకున్నది నేను కాదుగా. నాకు మాత్రం జీతం ఎవడిస్తున్నాడు? అయినా రోజూ పోయి నిలబడట్లేదూ! గేటొదిలేసి పారిపోయే రకం కాదమ్మా నేను."

"నువ్వొక్కదానివి, నీకొక్కదానికే వండుకుంటావు. నా ఇంట్లో ఇద్దరు మగపిల్లలు నోళ్ళు తెరుచుకుని కూర్చుంటారు. రూలుబుక్కు నీకు తిండి పెడుతుందేమో. మా ఇంట్లో దాన్ని పొద్దస్తమానం ఉడకబెట్టినా మెత్తబడట్లేదు!"

కొట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఐలీకి తల కొట్టేసినట్టయింది. "అయితే ఇక్కడే ఉండు. మళ్ళీ మా గేటు దగ్గరికి రావడానికి నీకు మొహం లేదు" అనేసి, ఏమీ కొనకుండానే విసురుగా బయటికొచ్చేసింది. పోయిన వసంతంలో ఐలీకి మోకాలు మార్చినప్పుడు రోజూ వచ్చి వండిపెట్టి, పిల్లకు పోసినట్టు స్నానం పోసింది ఈ కొరీనే. ఆ సంగతి గుర్తొచ్చేసరికి ఐలీ ఇంటి గుమ్మంలో ఉంది. వెనక్కి వెళ్ళి ఒక్క మాట అంటే సరిపోయేది. వెళ్ళలేదు. శనివారం సాయంత్రాలు ఇద్దరూ కలిసి ఐలీ పెరట్లో కట్టెల పొయ్యితో వేడెక్కించే ఆవిరిగదిలో కూర్చుని ఊరందరినీ ఆడిపోసుకునేవాళ్ళు. ఆ శనివారం నుంచి ఆవిరిగది చల్లబడిపోయింది. ఐలీకి కొరీన్ లేని లోటు మోకాలి నొప్పి కంటే ఎక్కువగా తెలిసొచ్చింది.

అప్పుడే మినియాపొలిస్ నుంచి చెల్లెలు హెల్మీ ఫోన్ చేసింది. అరవై దగ్గరపడుతుండగా, ఇన్నాళ్ళూ పెళ్ళొద్దు మొగుడొద్దు అంటూ తిరిగిన మనిషి, ఓరిన్ అనే బస్సు డ్రైవరును చేసుకుంటోంది. రోజూ అదే బస్సు ఎక్కీ ఎక్కీ మనసు పారేసుకుందట.

"శనివారం మధ్యాహ్నం పెళ్ళక్కా. నా పక్కన నిలబడాల్సింది నువ్వే. నువ్వు రాకపోతే పాస్టర్‌ని వెనక్కి పంపేస్తా. టికెట్టు ఓరిన్ కొనేశాడు, సాకులు చెప్పకు."

"అమ్మ ఉంటే ఎంత సంబరపడేదే" అంది ఐలీ. ఆ తర్వాత ఇద్దరూ కాసేపు ఫోన్లోనే ముక్కులు చీదుకున్నారు.

అమ్మ చేసే యాలకుల రొట్టె లేకుండా వాళ్ళింట్లో పెళ్ళి జరగదు. ఐలీ ఇంట్లో ఉన్న పిండంతా ఊడ్చి మూడు పాయల జడరొట్టె అల్లింది. పని దగ్గర కూడా అన్నీ సర్దుకుంది. శుక్రవారం విమానానికి అందరినీ తనే తనిఖీ చేసి, ఆఖర్న యూనిఫాం విప్పేసి తనూ ఎక్కేస్తుంది. శని, ఆది, సోమవారాలకు పక్క జిల్లా నుంచి ఒకావిడను పంపుతామని పైవాళ్ళు మాటిచ్చారు.

"శుక్రవారానికి మరి ఆడ ఆఫీసరు ఉందా?" అని వెండెల్ జాగ్రత్తగా అడిగాడు.

"ఎందుకు లేదు? నేను లేనూ?" అంది ఐలీ.

వెండెల్ తలాడించాడు. ఇద్దరిలో ఎవరికీ ఆ మాటలో ఉన్న లొసుగు కనిపించలేదు. గేటుకు ఇటువైపు నిలబడి నిలబడి, తను ఎప్పుడైనా అటువైపు నుంచి రావాల్సి ఉంటుందని ఐలీ బుర్రకు తట్టనే లేదు.

శుక్రవారం పొద్దుటినుంచీ ఊరి పక్కనున్న సరస్సు మీదినుంచి మంచు కుమ్మరించేస్తోంది. రోడ్లు మూసుకుపోతున్నాయని రేడియోలో చెబుతున్నారు. విమానం మాత్రం దిగింది. ఐలీ రోజూలాగే అందరినీ వరసలో పెట్టింది, ఇద్దరు ఆడవాళ్ళను తడిమింది, పాస్టర్ గారి మేజోళ్ళు కొత్తవేనని గమనించి మెచ్చుకుంది. వరసంతా అవతలికి పోయాక లోపలికెళ్ళి యూనిఫాం విప్పి, నీలం గౌను తొడుక్కుని, పెదాలకు రంగు వేసుకుని వచ్చింది. అవతల కుర్చీల్లో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఐలీ సిగ్గుపడుతూ రొట్టె సంచి ఎక్స్-రే బెల్టు మీద పెట్టి, మెటల్ గేటు కింద నుంచి నడిచింది.

గేటు కూసింది.

ఎక్స్-రే తెర ముందు కూర్చున్న వెండెల్ తల ఎత్తకుండానే అలవాటుగా కేకేశాడు. "ఆడ ఆఫీసర్! తనిఖీకి!"

"వస్తున్నా!" అని ఐలీ కూడా అలవాటుగా పలికి, గ్లవ్స్ పెట్టె మీద చెయ్యి వేసింది.

వేసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. వెండెల్ తల ఎత్తాడు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కూసింది కొత్త మోకాలు. తడమాల్సింది ఆడ ఆఫీసరు. ఆడ ఆఫీసరు నీలం గౌనులో గేటు అవతల నిలబడి ఉంది.

"ఒరి నాయనో" అన్నాడు వెండెల్.

అవతల కుర్చీల్లో ముందు గుసగుసలు, తర్వాత ముసిముసి నవ్వులు, ఆ తర్వాత పగలబడి నవ్వులు. పాస్టర్ గారు నవ్వకూడదని కిటికీ వైపు తిరిగారు గానీ ఆయన భుజాలు ఊగుతూనే ఉన్నాయి. ఊరందరినీ ఆపిన మనిషిని ఆపడానికి కూడా మనిషి లేకుండా పోయింది మరి.

"పోనీ నన్ను నేనే తడుముకుంటే?" అంది ఐలీ నీరసంగా.

"ఏం, నీ దగ్గర ఏమైనా దొరికితే నీకు చెబుతావా?" అన్నాడు క్లైడ్. వెండెల్ కళ్ళెర్రజేసేసరికి నోరు మూసుకున్నాడు.

కుర్చీల్లోంచి వియెనా అనే తొంభైకి దగ్గరపడ్డ పెద్దావిడ లేచింది. ఒకప్పుడు ఆసుపత్రిలో నర్సు. "నే తడుముతా పదండి. ఈ ఊళ్ళో సగం మందిని పుట్టగానే పట్టుకున్న చేతులివి. ఈ ఐలీని కూడా."

"కుదరదమ్మా. శిక్షణ పొందిన ఆఫీసరే చెయ్యాలి."

"దీని అమ్మకు పురుడు పోసినప్పుడు ఏ శిక్షణా అడగలేదే మీరు!"

"నేనప్పటికి పుట్టలేదమ్మా" అన్నాడు వెండెల్ దీనంగా.

"ఐలీయే కదా, వదిలెయ్యండయ్యా, మనమ్మాయే" అని నలుగురూ అన్నారు. వెండెల్ ఐలీ వైపు చూశాడు. ఆయన మొహంలో వదిలేద్దామనే ఉంది. ఐలీ ఒక్క మాట 'సరే' అంటే సరిపోయేది. కానీ చెత్తబుట్టలో పడ్డ ముసలమ్మ జామ్ సీసా కళ్ళముందు కదిలింది. ఆ రోజు ఆ ముసలమ్మ కూడా మన మనిషే.

"వద్దు. అందరికీ ఒకటీ నాకొకటీనా? వద్దు" అంది. అనేసి కళ్ళు తుడుచుకుంది. రేపు మధ్యాహ్నం హెల్మీ పక్కన ఎవరూ ఉండరు. కారులో పోదామంటే రోడ్లు లేవు. రేపటి విమానం పెళ్ళయ్యాక గానీ దిగదు.

టికెట్ల బల్ల దగ్గరి అమ్మాయి మెల్లగా వచ్చి చెప్పింది. "రెక్కల మీద మంచు కరగడానికి మందు కొడుతున్నారు. అది అయ్యేదాకా తలుపు మూయరు. అయ్యాక మాత్రం ఆపలేనండీ."

వెండెల్ గొంతు సవరించుకున్నాడు. "ఇంకొక ఆడ ఆఫీసరు ఉంది, ఊళ్ళోనే."

"ఉంది" అంది ఐలీ నేల చూస్తూ.

"జ్వరమన్న మనిషిని రమ్మనే అధికారం నాకు లేదు. తనంతట తను తగ్గిందని వస్తే ఆ సంగతి వేరు. నేను ఫోన్ చెయ్యలేను. నువ్వు ప్యాసింజరువి. నువ్వు ఎవరికైనా చేసుకోవచ్చు."

ఐలీ ఫోను తీసింది, లోపల పెట్టింది, మళ్ళీ తీసింది. అవతల కుర్చీల్లో అందరూ ఒక్కసారిగా పత్రికలు తెరిచి చదువుతున్నట్టు నటించారు. పాస్టర్ గారైతే తలకిందులుగా పట్టుకున్నారు.

కొట్లో ఫోను ఎత్తింది బర్నిస్. "ఎవరూ? ఐలీయా! కొరీనా? దాని చేతులు పిండిలో ఉన్నాయి. ఉండు, స్పీకర్లో పెడతా. ఏయ్, అందరూ కాస్త నోళ్ళు మూయండి, ఐలీ రౌటియో!"

కొట్లో గోల ఠక్కున ఆగిపోయింది. ఐలీ కళ్ళు మూసుకుంది.

"ఏంటో చెప్పు" అంది దూరంనుంచి కొరీన్ గొంతు, పొడిగా.

"కొరీన్... నేను హెల్మీ పెళ్ళికి పోవాలి. గేటు కూసింది. నన్ను తడమడానికి ఎవరూ లేరు."

బర్నిస్ నవ్వు కాబోలు, గిన్నెలు కిందపడ్డట్టు వినిపించింది. కొరీన్ మాత్రం నవ్వలేదు. "అయ్యో పాపం. నేనొద్దామంటే జ్వరమాయె. పైగా నాకు మొహం కూడా లేదటగా."

"నేను నోరు పారేసుకున్నాను."

"వినపడలేదు. మిక్సర్ తిరుగుతోంది."

"ఏ మిక్సరూ తిరగట్లేదు!" అని కొట్లో ఎవరో పెద్దాయన అరిచాడు.

ఐలీ గొంతు పెంచింది. "నోరు పారేసుకున్నానే! నలుగురిలో నిన్ను మాటన్నాను. నీకు పిల్లలున్నారు, వాళ్ళకు తిండి పెట్టడం తప్పెలా అవుతుంది? నేనే పెద్ద సత్యసంధురాల్ని అనుకున్నాను. నువ్వు రాకపోయినా సరే, ఆ మాట మాత్రం నలుగురిలోనే వెనక్కి తీసుకుంటున్నా. నువ్వు లేకపోతే నాకు ఏమీ తోచట్లేదు. ఆవిరిగది కూడా వెలిగించబుద్ధి కావట్లేదు."

పత్రికల వెనకనుంచి వియెనా ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. అప్పుడు కొరీన్ గొంతు దగ్గరగా వినిపించింది. "అమ్మ జామ్ సీసా సంగతో?"

"ఆ జామ్ కూడా. కానీ అది ద్రవమేనే."

"చచ్చినా మారవు కదా నువ్వు!" అని ఇప్పుడు నవ్వింది కొరీన్. "బర్నిస్, నా జ్వరం తగ్గింది. కాకపోతే ఈ మంచులో నా డొక్కు కారు వీధి మలుపు కూడా దాటదు."

"నేను తీసుకెళ్తా" అంది ఇందాకటి పెద్దాయన గొంతు. కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపే రైనో అది. "నా జీతం వాషింగ్టన్ ఇవ్వదుగా. లారీ బయటే ఉంది. పేస్టీ దారిలో తింటా, పదమ్మాయ్."

ఆ తర్వాత కాసేపు పైన్ హార్బర్ విమానాశ్రయంలో ఎవరూ కూర్చోలేదు. అందరూ కిటికీల దగ్గరే. ఒక కిటికీలోంచి రెక్కల మీద మందు కొడుతున్న మనుషులు, ఇంకో కిటికీలోంచి మంచులో మునిగిన రోడ్డు. క్లైడ్ ఇటూ అటూ పరిగెడుతూ వార్తలు చెప్పాడు. ఎడమ రెక్క అయిపోయిందన్నాడు. తోక మొదలైందన్నాడు. ఐలీ గేటు దగ్గరే నిలబడి గౌను మడతలు లెక్కలేనన్ని సార్లు సరిచేసుకుంది.

రోడ్డు చివర పసుపు లైటు తిరుగుతూ కనిపించేసరికి అందరూ గోల పెట్టారు. రైనో లారీ మంచును రెండు పక్కలా ఎగజిమ్ముకుంటూ వచ్చి, కారు పార్కింగు ఏదీ వెతకకుండా సరాసరి గుమ్మం దాకా తోసేసుకుంటూ వచ్చి ఆగింది. ఎత్తున్న తలుపులోంచి కొరీన్ దూకింది. దూకి, ఎవరినీ పలకరించకుండా లోపలికెళ్ళి యూనిఫాం చొక్కా వేసుకుని వచ్చింది. తొందరలో ఆప్రాన్ విప్పడం మర్చిపోయింది. చొక్కా కింద నుంచి పిండి మరకల గుడ్డ వేలాడుతోంది. వెండెల్ అది చూడనట్టే సంతకం పెట్టించుకున్నాడు.

"జ్వరం?" అని అడిగాడు.

"పూర్తిగా తగ్గిందండీ. ఆశ్చర్యంగా ఉంది."

కొరీన్ గ్లవ్స్ తొడుక్కుని ఐలీ ఎదురుగా నిలబడింది. మొహం బిగించి, కొత్తగా వచ్చిన ప్యాసింజరుతో మాట్లాడినట్టు మొదలుపెట్టింది. "మేడమ్, మిమ్మల్ని చేత్తో తనిఖీ చేస్తాను. విడిగా గదిలో చేయమంటారా?"

"ఇక్కడే చెయ్యి."

"చేతులు చాచండి. ముట్టుకుంటే నొప్పి పుట్టే చోటు ఏమైనా ఉందా?"

ఈ ప్రశ్న ఐలీ కొన్ని వేలమందిని అడిగి ఉంటుంది. తనను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. "కుడి మోకాలు" అంది.

కొరీన్ చేతులు భుజాల మీద నుంచి మొదలయ్యాయి. వీపు, చంకల కింద, పక్కటెముకలు. పక్కటెముకల దగ్గర ఆ చేతులు తటపటాయించాయి. నడుము దగ్గర గౌనుకే కుట్టిన బెల్టు కింద గౌను గుడ్డ దోసెడు మిగిలింది. ఆ బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త చిల్లు ఉంది. ఐలీకి స్నానం పోసిన చేతులవి. పోయిన వసంతంలో ఈ ఒంటి బరువు ఎంతో ఆ చేతులకు తెలుసు.

కొరీన్ ఆఫీసరు గొంతు పోయింది. "ఏం తింటున్నావే?" అంది, ఐలీకి మాత్రమే వినపడేలా.

"అన్నీ తింటున్నా."

"అబద్ధమాడకు. ఎముకలు గుచ్చుకుంటున్నాయి. ఆ రోజు కొట్లోకి నన్ను తిట్టడానికి వచ్చావనుకున్నా. ఆకలేసి వచ్చావు కదూ?"

ఐలీ చేతులు చాచే ఉన్నాయి కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి లేకపోయింది. "ఒక్కదానికేం వండుకుంటాంలే అని" అంది.

"నీ మొహం" అంది కొరీన్. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వంగి మోకాలు చూసింది, మడమ దాకా చూసింది, ఏ రూలూ వదలకుండా చూసింది. లేచి గ్లవ్స్‌ను పేలుడుమందు జాడ పట్టే యంత్రంలో పెట్టింది. యంత్రం పచ్చలైటు వెలిగించింది.

"తనిఖీ అయిపోయింది మేడమ్. వెళ్ళొచ్చు."

కుర్చీల దగ్గర ఈలలు వేశారు. ఐలీ చేతులు చాచినవి చాచినట్టే ముందుకొచ్చింది.

"ఆగు! గేటు దగ్గర ప్యాసింజర్లు ఆఫీసర్లను వాటేసుకోకూడదు. నువ్వు నేర్పిందే. సోమవారం, ఆవిరిగదిలో" అని కొరీన్ రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డ రైనో వైపు తిరిగి, "నా కోటు జేబులో పొట్లం ఉంది, బెల్టు మీద పెట్టు" అంది.

పొట్లం ఎక్స్-రేలోకి పోయింది. తెర మీద పెద్ద నల్లముద్ద కనిపించేసరికి వెండెల్ బెల్టు ఆపాడు. "ఏమిటిది?"

"పేస్టీ. బర్నిస్ పంపింది. వేడివేడిది."

"గ్రేవీ ఉందా?"

ఆ ఊళ్ళో పేస్టీ మీద గ్రేవీయా కెచప్పా అన్నది తరాల తగువు. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళున్నాయి. గేటు దగ్గర మాత్రం రెండూ ద్రవాలే.

"ఏదీ లేదు, ఒట్టిదే" అంది కొరీన్. "నేనెరగనా!"

రెక్కలకు మందు కొట్టడం అయిపోయిందని టికెట్ల బల్ల అమ్మాయి పిలిచింది. అందరూ సంచులు అందుకున్నారు. ఐలీ ఒక చేత రొట్టె సంచి, ఒక చేత వేడి పొట్లం పట్టుకుని తలుపు దగ్గర ఆగింది.

"ఈ మంచుకు పక్క జిల్లా ఆవిడ వచ్చేలా లేదు కదే" అంది.

"వచ్చినా రాకపోయినా సోమవారం దాకా గేటు నేను చూసుకుంటా. సోమవారం నువ్వు దిగగానే నాకు మళ్ళీ జ్వరం. ముందే చెబుతున్నా, ఈసారి కొట్లోకొచ్చి తిట్టకు."

ఐలీ చేతిలోని వేడి పొట్లం వైపు చూసింది. గేటొదిలే రకం కాదు తను. ఊరంతా విన్న మాట అది. "బర్నిస్‌కి ఇంకో మనిషి అవసరమేమో అడుగుతావా?" అంది మెల్లగా.

కొరీన్ నోరు తెరుచుకుని చూసింది. "ఎవరా మనిషి?"

"ఒకరోజు నీకు జ్వరం రానీ, ఒకరోజు నాకు రానీ. గేటు దగ్గర ఎప్పుడూ ఒకళ్ళం ఉంటాం. ఏ ముసలమ్మా ఆగిపోదు."

"నేనేమీ వినలేదు" అని వెండెల్ ఎక్స్-రే తెరలోకి తల దూర్చేశాడు. ఆ తెర మీద అప్పుడు ఏమీ లేదు.

"పేస్టీ అంచు మడవడం వచ్చా నీకు?" అంది కొరీన్, నవ్వాపుకుంటూ.

"జడరొట్టె అల్లేదాన్ని, పేస్టీ మడవలేనా?"

"పో, విమానం పోతుంది. హెల్మీని నేను ముద్దు పెట్టుకున్నానని చెప్పు."

మంచులో విమానం దాకా నడుస్తూ ఐలీ ఒకసారి వెనక్కి చూసింది. అద్దం తలుపు వెనక కొరీన్ చొక్కా కింద ఆప్రాన్ వేలాడేసుకుని చెయ్యి ఊపుతోంది. పక్కన రైనో, క్లైడ్ కూడా ఊపుతున్నారు. వెండెల్ తెర వదిలి లేచి వచ్చి ఊపుతున్నాడు.

సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోగానే ఐలీ పొట్లం విప్పింది. వేడి ఆవిరి మొహానికి కొట్టింది. పక్క సీట్లో వియెనా తన చేతిరుమాలు అందించింది. సగం తిని సగం హెల్మీకి దాచిపెడదామనుకుంది ఐలీ. విమానం మేఘాల్లోకి లేచేసరికి పొట్లంలో పొడి కూడా మిగల్లేదు.